ఇచ్చినవి అయిదు

లువాంగ్వా నది ఒడ్డున, అడవి కాపలావాళ్ళ ఠాణాలో
తూటాల చిట్టా రాసేది నేనే.
ఇచ్చినవి ఎడమ పక్క,
తిరిగొచ్చినవి కుడి పక్క.
పేలినదానికి ఖాళీ గుల్ల చూపించాలి,
చూపించకపోతే జీతంలో కోత.

బీరువా తెరిస్తే ఇత్తడి వాసన, నూనె వాసన,
మూలెక్కడో బల్లి గుడ్లు.
కింది అరలో అనాథలు:
ఎవరో దాత పంపిన కొత్త తుపాకుల తాలూకు
పొట్టి, బొద్దు తూటాలు.
తుపాకులు మూడు వానాకాలాలకే పాడయ్యాయి,
వీటిని మింగే నోరు ఇప్పుడు ఏ గొట్టానికీ లేదు.
పై అరలో మాత్రం
మూడు వందల డెబ్భై అయిదు మాగ్నమ్.
మా తాత పుట్టకముందు ఏ సీమలోనో ఎవరో గీసిన గీత.
తెల్లవాళ్ళ జెండా దిగింది, మాది ఎగిరింది,
రాగి ధర పడింది, లేచింది, మళ్ళీ పడింది,
ఆ గీతను ఎవరూ చెరపలేదు.

చేతిలోకి తీసుకుని చూడాలి దాన్ని.
అడుగున ఒడ్డాణం.
అక్కణ్ణించి సన్నబడుతూ, సన్నబడుతూ,
భుజం ఎక్కడ మొదలైందో తెలియనివ్వకుండానే మెడ.
ఈ కాలం తూటాల భుజాలు కవాతు సిపాయిలవి.
దీనివి బరువులు మోసి మోసి జారినవి.

ఫాక్సన్ అంటాడు, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ:
"భుజాలు విరుచుకున్నవాడు గుమ్మంలో ఇరుక్కుంటాడు.
ఇది పుట్టలోకి పాము పోయినట్టు పోతుంది.
అక్టోబరు ఎండకి గొట్టం కాలిపోతున్నా
రమ్మంటే బయటికొస్తుంది.
అంతకంటే ఏం కావాలి, చెప్పు?"

మబ్వుతోకి చాలా కావాలి.
కష్టాలు అని అర్థం వచ్చే పేరు పెట్టింది వాళ్ళమ్మ,
అయినా కుర్రాడు హుషారు.
ఫోనులో చూపిస్తాడు, సెకనుకి ఎన్ని అడుగులు,
ఎంత దూరానికి ఎంత జారుడు.
"నీది పాత చింతకాయ పచ్చడి, బాబాయ్."
ఫాక్సన్ పొట్టు ఊదేస్తాడు.
"ఏనుగు ఇరవై అడుగుల్లో ఉంటే
ఆ లెక్క ఎవరు చదివి వినిపిస్తారు?"

అతనికి రోజూ అవే అయిదు ఇస్తాను.
నాకెలా తెలుసంటే,
చెమ్మ దిగకుండా అడుగున టోపీ చుట్టూ
నా గోళ్ళరంగు పూశాను, ఎరుపు.
తొమ్మిదేళ్ళుగా ఎరుపు వెళ్తుంది, ఎరుపు వస్తుంది.
అతని బొటనవేలు రాసుకుని రాసుకుని
ఇత్తడి వెన్నలా నునుపెక్కింది.
మంచి తూటా అంటే ఏది అని అడిగానొకసారి.
"ఇంటికొచ్చేది" అన్నాడు.

మార్చిలో, మొక్కజొన్న పాలు పట్టిన రాత్రి,
తిసియెంజి గుడిసె పైకప్పును ఏనుగు లాగేస్తోందని కబురు.
లోపల ఆమె, ఇద్దరు పిల్లలు, ఒక కోడి.
డప్పులు కొట్టారు, మిరపపొగ పెట్టారు.
ఫాక్సన్ కళ్ళకి అప్పటికే శుక్లాలు.
తుపాకి మబ్వుతో చేతిలో పెట్టాడట,
భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడట.
ఇంకేం జరిగిందో నాకు ఇద్దరూ చెప్పలేదు.
నేను విన్నది ఒకే చప్పుడు,
తర్వాత నది అవతల హిప్పోలు కూడా
కాసేపు ఊరుకోవడం.

తెల్లారి ఊరంతా బేసిన్లు పట్టుకుని మాంసానికి పోయింది.
మబ్వుతో నా బల్ల దగ్గరికొచ్చాడు.
నాలుగు ఎరుపులు పెట్టాడు.
"గుల్ల?"
జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు, తియ్యలేదు.
ఫోనూ తియ్యలేదు.
"కోసుకోండి జీతం."

కుడి పక్క నాలుగు రాశాను.
దాని కింద గడి ఇప్పటికీ ఖాళీ.
తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగితే
చెదలు అని చెప్పాను, ఇత్తడికి చెదలేమిటని
వాళ్ళూ అడగలేదు.

మర్నాడు పై అర నుంచి కొత్తది తీసి అయిదు చేశాను.
పాత ఎరుపు సీసా ఎండిపోయింది, అదే రంగు
మళ్ళీ దొరకలేదు.
ఫాక్సన్ చీకట్లోనే గుప్పిట్లో దొర్లించాడు,
ఒకటి పక్కకి పెట్టాడు.
"ఇది ఇంకా ఎక్కడికీ పోలేదు" అన్నాడు,
దాన్నే ముందు తీసుకున్నాడు.