ఉప్పు దిగేదాకా

ఓడలు బళ్లవుతాయంటారు.
నేను చూసింది వేరు.
ఓడే బండెక్కి వచ్చింది,
తడి గోనెల్లో చుట్టుకుని, పచ్చి బాలింతలా,
పంతంగి టోల్‌గేటులో రసీదు చింపించుకుని
రాత్రి రెండింటికి మలక్‌పేట షెడ్డు ముందు దిగింది.
"ఏం కట్టె సార్ ఇది?" అన్నాడు డ్రైవరు,
"దారి పొడుగునా చేపల వాసన."

టేకు. ఏడు ముక్కలు.
ఒక పక్కటెముక, కొన్ని పలకలు,
మేకులు తుప్పై కరిగిపోయాక
మిగిలిన బొక్కలు.
పేరు లేదు. ఎక్కడికి పోతూ మునిగిందో లేదు.
రిజిస్టరులో పద్నాలుగో నంబరు:
తూర్పు తీరం. వలకు తగిలింది.

తీరం పొడుగునా ఇంకెన్నో ఉన్నాయట.
బురదలో ఉన్నంతకాలం చెక్కుచెదరవట.
పైకి తీసి ఎండలో పెడితే
వారంలో పగిలి పొట్టవుతాయట.
ఫిర్దౌస్ మేడం చెబుతుంటే
ఒడ్డున కూడా ఓడ మునుగుతుందని
అప్పుడు తెలిసింది నాకు.

నా పని సులువు.
తొట్టి నింపడం, వారం ఆగడం, తోడెయ్యడం, మళ్లీ నింపడం.
మంజీరా లోపలికి,
సముద్రం బయటికి.
సోమవారం సోమవారం మేడం
గాజు గొట్టంలో ఆ నీళ్లు పట్టి
వెండి మందు ఒక్క చుక్క వేస్తుంది.
తెల్లగా మబ్బు లేస్తుంది.
"ఇంకా ఉంది," అంటుంది.
రాస్తాను.

చెరువుని సాగరం అని పిలుచుకునే ఊళ్లో
మూడేళ్లు ఉప్పు లెక్క రాశాను.

మొదటి ఎండాకాలం మా గల్లీలో
ట్యాంకరు కోసం బిందెలు లైను కట్టినప్పుడు
మా ఆవిడ అడిగింది:
"పానం లేని కట్టెకు గన్ని నీళ్లా?"
నా దగ్గర జవాబు లేదు.
ఆ వారం తోడిన నీళ్లు
మోరీలో పొయ్యడానికి చెయ్యి రాక
షెడ్డు వెనక వేపమొక్కకు పోశాను.
నెల తిరక్కుండా మాడిపోయింది.
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొన్న సోమవారం చుక్క వేస్తే
నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.
మేడం రెండుసార్లు చూసింది. సంతకం పెట్టింది.
రేపట్నుంచి మైనం పట్టించాలి.

ఆ రాత్రి వచ్చాడు
పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ సూరాడ ఎర్రయ్య,
నిద్ర పట్టని మనిషి,
టీ గ్లాసు కింద పెట్టి, చొక్కా చెయ్యి మడిచి
మోచేతిదాకా ముంచి కళ్లు మూసుకున్నాడు.
పలకకీ పలకకీ మధ్య సందులో
వేలు ఆగింది.

"పీచు," అన్నాడు. "కొబ్బరి పీచు, గుగ్గిలం, చేప నూని.
మా తాతకి తాత ఇదే కొట్టీవోడట బాబూ,
కలాపత్తు పని.
ఏ సందు ఎంత పీచు అడుగుతాదో
ఉలి చప్పుడులోనే ఇనపడీదట."

"మరి నువ్వు?"

"నాను గేటు."

వేలు తీసి నాలిక మీద పెట్టుకున్నాడు.
చాలాసేపు ఆలోచించాడు,
కూరలో ఏదో తగ్గినట్టు.
"ఇంకా ఉందండీ."

ఓడదో, అతని వేలిదో
అడగబుద్ధి కాలేదు.
అతను వెళ్లాక తొట్టి తోడేశాను.
మళ్లీ నింపుదామని కుళాయి తిప్పితే
ఇవాళ మావైపు నీళ్ల రోజు కాదు,
గాలి ఒక్కటే వచ్చింది,
ఎంతసేపో.