రసీదు

అప్పుడు నేను బీమా కంపెనీ మనిషిని.
తోలు సంచీ, మూడు రంగుల ఫారాలు, మట్టి అంటని బూట్లు.
ఓడ రెండు ముక్కలై అప్పటికి పదకొండు రోజులు.
గలీసియా తీరాన ఆ చిన్న ఊళ్ళో
అలలకి చప్పుడు లేదు.
తారు బరువుకి లేవలేక
జ్వరపడ్డ మనిషి మంచంలో దొర్లినట్టు
రాళ్ళ మీదికి ఒరిగి, జారి, మళ్ళీ ఒరిగేవి.

దోసిందా చేతులు మోచేతుల దాకా నలుపు.
పారతో ఎత్తి బకెట్లో పోస్తోంది.
అది ద్రాక్షకోతల బకెట్టు, గుత్తి బొమ్మ ఇంకా చెరగలేదు.
పక్కన ఏదో పడి ఉంటే పాత బూటు అనుకున్నాను.
బూటు కన్ను తెరిచింది.

"రోజుకి ఎన్ని కిలోల ఆల్చిప్పలు ఏరేవారు?"
అడిగాను. నా పని అది.
"పోటుని బట్టి. చంద్రుణ్ణి బట్టి. నా నడుం నొప్పిని బట్టి."
ఫారంలో ఆ గడి లేదు.
"రసీదులున్నాయా?"
సముద్రం వైపు చూసింది,
దాన్నే అడగమన్నట్టు.
ఆధారాలు లేవు అని రాసుకున్నాను.

ఓడ ఎవరిది?
జెండా ఒక దేశానిది, ఆ దేశంలో దాన్ని చూసినవాళ్ళు లేరు.
సొంతదారు ఒక కంపెనీ. ఆ కంపెనీకి సొంతదారు ఇంకో కంపెనీ.
దాని చిరునామా ఎక్కడో దీవిలో
మేడ మెట్ల కింద ఒక తపాలా పెట్టె.
సరుకు ఎవరిదంటే
నడిసముద్రంలోనే మూడు చేతులు మారిందన్నారు.
కెప్టెన్ ఒక్కడికే ఒళ్ళుంది.
ముసలివాడు, బేడీలకి సరిపడే మణికట్లున్నాయి, పట్టుకున్నారు.
మిగతావాళ్ళకి సంతకాలే ఉన్నాయి.

కేసు నడిచింది అంటాం గానీ
కూచుంది.
జడ్జీలు రిటైరయ్యారు.
తీర్పు రాకముందే దోసిందా భర్త అమారో పోయాడు, ఊపిరితిత్తులు.
తారు ఎత్తినందుకేనని నిరూపించే కాగితం లేదు.
అలాంటి కాగితం పుట్టకుండా చూసినందుకే
నాకు జీతం.
ఏడో ఏట కంపెనీ పేరు మార్చుకుంది.
కొత్త గుర్తు ఆకు మీద నీటిబొట్టు.
బాగానే ఉంది, అబద్ధం ఎందుకు.

పందొమ్మిదేళ్ళకి మళ్ళీ వెళ్ళాను.
ఎందుకని అడక్కండి.
బస్సు దిగితే తెల్లటి ఇసక,
హోటల్ గోడకి శుభ్రమైన తీరమని ఫలకం,
నీళ్ళల్లో పిల్లలు.
గుండె తేలికపడబోయింది.

దోసిందా గుర్తుపట్టింది. మొహం చూసి కాదు, బూట్లు చూసి.
ఏమీ అనలేదు.
సముద్రం వెనక్కి తగ్గేదాకా కూచోబెట్టి
రాళ్ళ మధ్యకి తీసుకెళ్ళింది.
మోకాళ్ళ మీద వంగి ఇనప కొక్కెంతో ఒక రాయి తిరగేసింది.
అడుగున నీళ్ళూరాయి.
నీళ్ళ మీద నెమలికంఠం రంగు పొర,
పట్టుచీర మడత విప్పినట్టు.
ఇంకో జానెడు తవ్వింది.
నిన్న పోసినట్టే ఉంది. మెత్తగా, నిగనిగలాడుతూ,
దేనికీ తొందర లేనట్టు.

"ఇక్కడి చిప్పలు?"
"నోరు తెరవవు. ఉడికించినా సరే," అంది.
కాసేపాగి, "మీలాగే."

బొటనవేలు ఆ నలుపులో ముంచి
నా కుడి అరచెయ్యి లాక్కుని
చదువు రానివాళ్ళు దస్తావేజు మీద వేసినట్టు
నొక్కింది.
ఆవిడకి చదువొచ్చు.
నా ఫారాల మీద గొలుసుకట్టు రాతలో సంతకం పెట్టిన మనిషి.
"రసీదు అడిగారుగా."

హోటల్లో సబ్బు. తరవాత ఉప్పు.
నూనెని నూనే తీస్తుందని వంటవాడు కాస్త ఆలివ్ నూనె పోశాడు.
చుట్టూ పోయింది, నడిమి సుడి పోలేదు.

తిరుగు బస్సులో డ్రైవరు చిల్లర ఇస్తుంటే
ఎడమ చెయ్యి చాపాను.