ఫిన్లాండ్‌లో పదకొండు నిమిషాలు

గోడకు చెవులుంటే నాకంత భయం లేదు,
చెవులు ఏదో ఒక రాత్రి నిద్రపోతాయి.
తీగకు నిద్ర లేదు.
ఆ సంగతి మారీ పట్నంలో
కుట్టుమిషన్ల వెనక బల్ల వేసుకుని
ఫోన్లు బాగుచేసే నాకు తెలుసు.

అద్దం పగిలిందని వస్తారు.
అద్దం బాగానే ఉంటుంది.
"చార్జింగ్ నిలవట్లేదు మైసా" అని,
గొంతు తగ్గించి, "ఆ ఇంకోటి ఉందా?"
వీపీఎన్ అన్న మాట మేమెవ్వరం పైకి అనం.
పోయిన నెల "తలుపు" అన్నాం.
ఈ నెల "ఖర్బూజా" అంటున్నాం.

గురువారం ఓగుల్‌గెరెక్ వచ్చింది,
పత్తిచేల దుమ్ము ఇంకా చెప్పుల మీదే.
ముగ్గురు ఆడపిల్లల తర్వాత పుట్టిందట,
ఆ పేరుకి మా భాషలో అర్థం: కొడుకు కావాలి.
నలభై రెండేళ్ళుగా ఎవరి కోరికనో
పేరుగా తొడుక్కుని
బడిలో లెక్కలు చెబుతోంది.

ఏం వెతుకుతావని నేనడగను.
టీ గిన్నె ముందుకు జరిపి ముఖం తిప్పుకుంటాను.

ఊరికే వచ్చేవి బోలెడు, చెప్పాను.
ఊరికే వచ్చే సొరంగానికి అవతలి గుమ్మంలో
ఎవడో కూచుని నీ అడుగులు లెక్కగట్టి అమ్ముకుంటాడు.
ఇది డబ్బులది. రోజుకింత.
దీని అవతల ఎవరున్నారో
నిజానికి నాకూ తెలియదు.
ఇతను అమ్మడని నమ్మాను, అంతే.
తాళం మార్చాం గానీ
తాళంచెవి ఇంకా ఎవరి మొలలోనో ఉంది.

చక్రం తిరిగింది, తిరిగింది,
తర్వాత ఆమె ఫిన్లాండ్‌లో ఉంది.
మంచుబూట్లు కొనమని ఎవరో పిలిచారు.
సెప్టెంబరు ఎండలో ఫక్కున నవ్వింది.
ఆ నవ్వు సగంలో ఆగింది.

చూడకూడదు. చూశాను,
బల్ల మీద చచ్చిపడున్న ఓ ఫోను నల్లటి తెరలో.
ఎడమచెయ్యి తలగుడ్డ చెంగు కిందికి పోయి
చంక దగ్గర ఏదో తడుముకుంటోంది.
కుడి బొటనవేలు అక్షరాలు తడుముకుంటోంది.
రెండు చేతులదీ ఒకే ప్రశ్న.

తప్పు చేసినవాళ్ళకే చాటు కావాలని
ఎవరన్నారో గానీ
వాళ్ళ స్నానాలగదికి గడియ లేదేమో.

"మీకు దగ్గరి ఆస్పత్రి నాలుగు కిలోమీటర్లు,
నడిచి వెళ్ళొచ్చు" అంది తెర,
హెల్సింకిలో ఒక వీధిని చూపిస్తూ.
ఆమె ఆ వీధిలో వేలితో కొంతదూరం నడిచింది.

పదకొండో నిమిషానికి సొరంగం కూలింది.
కూలుతూనే ఉంటాయి. రాత్రికి ఇంకోటి తవ్వుతాను.

డబ్బులు బల్ల మీద పెట్టి,
గుమ్మం దగ్గర ఆగింది.
"అక్కడ నా పేరేమని ఉంటుంది?"
పేరుండదు, అంకెలుంటాయి అన్నాను.
"అంకెలా" అంది, లెక్కల టీచరు,
"అయితే వాటికి ఏమీ అక్కర్లేదన్నమాట."

బయటికెళ్ళి
అష్గాబాత్ రైలు ఎన్నింటికని
కుట్టేవాళ్ళని గట్టిగా అడిగింది,
వీధంతా వినేటట్టు.
పెళ్ళిగుడ్డలు కొనాలట.