లాభం, రెండు, మూడు

డాబాగార్డెన్స్‌లో మందుల షాపు మీద రెండో అంతస్తు.
ఫీజు మూడు వాయిదాలు, రెండు కట్టాను.
పైడిరాజు మాస్టారు బోర్డు మీద ఒక మాట రాసి
కింద గళ్ళు గీసి
మొదటి గడిలో సున్నా వేశారు.
మొదటిదానికి సున్నా ఏమిటని
వెనక బెంచీలో ఎవరో నవ్వారు.
నేను నవ్వలేదు.
మా అమ్మ హార్బర్‌లో కానాగంతల గంపలు దించుతూ
లాభం, రెండు, మూడు అని లెక్కపెడుతుంది.
పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆవిడ నోట
మొదటి గంపకి ఒకటి అనే మాట వినలేదు.

ఇంటిపని: నీ పేరెంత పొడుగో అడుగు.
నూకరత్నం. నా వేళ్ళమీద నాలుగు.
ఎనిమిది అంది.
తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టాను. ఎనిమిదే.
ఐస్ ఫ్యాక్టరీ కౌంటర్లో, లారీలు రాని వేళ,
చిట్టీ వెనక నా పేరుని
రొయ్యని ఒలిచినట్టు ఒలిచి చూశాను:
అక్షరాలు నాలుగు, కొమ్ముదీర్ఘం ఒకటి,
త కింద ఒత్తు రెండుగా తేలింది,
చివర సున్న.
ఇన్నాళ్ళూ ఇంతమందిని మోస్తున్నానా!

తిరగేయమన్నాను.
సున్న ముందుకొచ్చి, ఆనుకోడానికి ఏమీ లేక
చుక్కల గుండ్రం పట్టుకుని నిలబడింది.
నా కొమ్ము ఎగిరి క మీద వాలింది.
ంన్తరకూన.
నోరు తిరగలేదు గానీ
చివర కూనా అని ఎవరో పిలిచినట్టే ఉంది.

మాటకి అటూ ఇటూ ఉన్న ఖాళీని గీకేసేది ఇంకొకటుంది.
పొలుసు గీకినట్టు, అంచులు మాత్రమే.
మధ్య ఖాళీని ముట్టుకోదు.
దాన్ని ఫ్యాక్టరీ పద్దు మీద పెట్టి చూశాను, ఊరికే.
అందులో ఇద్దరు ఎర్రయ్యలు.
ఒకాయనకి నలభై దిమ్మల ఐసు బాకీ,
ఇంకొకాయనకి ఇరవై మూడు.
రెండో ఎర్రయ్య పేరు చివర
కంటికి ఆనని ఖాళీ,
ఎప్పుడో ఎవరి బొటనవేలో తగిలినది.
గీకేస్తే ఇద్దరూ ఒకే మనిషి.
అరవై మూడు దిమ్మలు.

సాయంత్రం బోటు దిగి వచ్చాడు ఎర్రయ్య మావ.
చూపించాను.
"ఒలే గుంటా, కరిగిపోయిన ఐసుని
మళ్ళీ గడ్డ కట్టించేసినావు కదే!
ఇదేనేటి నీ సదువు?"
నవ్వాడు గానీ
బీడీ అంటుకోడానికి మూడు పుల్లలయ్యాయి.

ఆ రాత్రి
బాకీ అన్న చోటల్లా చెల్లు అని మార్చే వరస రాశాను.
ఒక్క గీతలో హార్బరంతా చెల్లు!
మళ్ళీ తెరిస్తే బాకీ బాకీగానే ఉంది.
మాస్టారు చెప్పిందే:
పాత మాట మారదమ్మా, పక్కన కొత్తది పుడుతుంది,
పట్టుకుని ఓ పేరు పెట్టకపోతే గాలికి పోతుంది.
నేను పేరు పెట్టలేదు.
ఐసు నాది కాదు కదా.

ఆఖరి లెక్క: ఎటు చదివినా ఒకేలా ఉండే మాట వెతుకు.
కునుకు అని కొట్టాను. కాదంది.
కిటికి? కాదంది.
నాకు అక్షరం, దానికి ముక్కలు.
కొమ్ములూ గుడులూ లేనిది కావాలి,
తలకట్టు తప్ప ఏ సింగారమూ లేనిది.
కొండ మీది లైట్‌హౌస్ వెలుగు
మా గోడ మీదుగా రెండుసార్లు పోయింది.
అమ్మ కత్తిపీట కడిగి బోర్లించి
అప్పుడే నడుం వాల్చింది.
బురుజుపేట అమ్మవారి పేరు పెట్టారట,
రేషన్ కార్డులో సగమే ఎక్కింది.
కనక.
కొట్టాను.
అవునంది.

ఉండబట్టలేక లేపి చెప్పాను.
"ఎనకనుంచి సదివినా నానేనా?"
"నువ్వే."
"ఎన్ని అచ్చరాలన్నాది?"
"మూడే. సున్నా, ఒకటి, రెండు..."
"సున్నా ఏటే, లాభం అనాల,"
అని అటు తిరిగి పడుకుంది.
మూడున్నరకి బోట్లు.