తేరుకునే రంగు

డంకెర్క్ రేవులో, నాలుగో షెడ్డులో
పడవల కడుపు కింద దూరి రంగు వేసే లదిస్లాకి
నేను తెచ్చిన డబ్బా నచ్చలేదు.

"ఇందులో అడుగు పూత ఏది? పై పూత ఏది?"
రెండూ ఇందులోనే, అన్నాను.
"కలిపేశారా?"
కలిపాం. అవే విడిపోతాయి.
మూత తీసి వాసన చూశాడు,
పాలు విరిగాయేమోనని చూసే మనిషిలా.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతనిది మూడు రోజుల లెక్క.
సోమవారం ఇనుముని పట్టుకునే పూత.
మంగళవారం దాని మీద ఇంకొకటి.
బుధవారం, ఉప్పునీటికి ఎదురు నిలిచేది.
పూతకీ పూతకీ నడుమ, ఆరేదాకా,
బోర్లించిన బకెట్టు మీద కూచుని
ఫ్లాస్కులో కాఫీ,
గాలి ఎటు తిరిగిందో ఒక మాట,
బొగ్గుగనిలో దిగి దగ్గుతూ పోయిన నాన్న మీద
ఎప్పుడైనా సగం మాట.

లీల్‌లో, ప్రయోగశాలలో, నేను పదహారుసార్లు ఓడాను.
ఒకసారి రెండు జిగుర్లూ చలికి బిగుసుకుని
ఎక్కడివక్కడే ఉండిపోయాయి.
ఒకసారి తలకిందులయ్యాయి:
పట్టుకోవాల్సింది గాలివైపు తేలి ఈగల్ని పట్టుకుంది,
జారాల్సింది ఇనుము మీద కూచుంది,
గోటితో గీరితే పూతంతా
ఉడికిన గుడ్డు పొరలా ఊడొచ్చింది.
పదిహేడోసారి
నెమ్మదిగా ఆవిరయ్యే ద్రావకం పోసి
విసుగొచ్చి ఇంటికెళ్ళి పడుకున్నాను.
తెల్లారి వచ్చేసరికి తేరుకుని ఉంది.

బరువైంది మునిగింది, తేలికైంది తేలింది
అనుకుంటారు.
అది కాదు.
దేనికి ఏ పొరుగు కావాలో, అదీ సంగతి.
ఒకటి ఇనుముని వెతుక్కుంటుంది, ఒకటి గాలిని.
తడి ఉన్నంతసేపే ఆ వెతుకులాట.
ఆరాక ఎక్కడున్నది అక్కడే.

ఇదంతా లదిస్లాకి చెప్పాను.
వింటూనే కుంచె ముంచాడు.
చేపల పడవ, పేరు గొదెలీవ్,
పదకొండింటికల్లా అయిపోయింది.
"ఇక?"
ఇక అంతే.
కుంచె కడగడానికే చాలాసేపు తీసుకున్నాడు.

మర్నాడు ఆరింటికి, ఇంకా చీకటి,
కొలతలు తీసుకోవడానికి వెళితే
బకెట్టు మీద అతను.
రెండో పూత లేదు కదా, అన్నాను.
"తెలుసు."
చాలాసేపటికి,
"బ్రోనియా పోయినప్పుడు
అందరూ తేరుకుంటావులే అన్నారు.
ఎన్నాళ్ళకో ఎవరూ చెప్పలేదు.
మూడురోజుల పని ఉండేది గనక
ఎలాగో."

నా దగ్గర దానికి జవాబు లేదు.
జేబులో ఒక ఫోటో ఉంది:
పూతని అడ్డంగా కోసి,
వెయ్యిరెట్లు పెద్దది చేసి తీసింది.
రంగు ఇంకిన బొటనవేలు దాని మీద
కిందనుంచి పైకి మెల్లగా నడిచింది.
"గీత ఏదీ?"
గీత లేదు.
కిందది పలచబడుతూ పలచబడుతూ పైదైపోతుంది.
ఇక్కడ ఆగింది, ఇక్కడ మొదలైంది
అనడానికి మాకూ చేతకాలేదు.

ఫోటోని దీపం దగ్గరికి పట్టుకున్నాడు.
"అయితే ఊడదు," అన్నాడు.
"నేను వేసినవన్నీ ఆ గీత దగ్గరే ఊడాయి."

ఫ్లాస్కు మూతలో నాకు కాఫీ పోసి
తను ఫ్లాస్కు ఎత్తి తాగాడు.
తలుపు సందులోంచి సముద్రపు చలి.
పడవని వేలి చివరతో తాకి చూశాడు.
రంగు ఇంకా ఆరలేదు.