మినిట్స్ బుక్కు

నక్కలగుట్టల, జిరాక్సు షాపు మీద, రెండో అంతస్తు.
నెలకు ఒక శనివారం, నాలుగ్గొట్టంగ
ఇక్కడ ప్రపంచం గురించి మాట్లాడుతరు.
నేను రాస్త.
కోర్టుల ముప్పై ఏండ్లు సాక్ష్యాలు రాసిన చెయ్యి,
ఎవరేమన్నా ఆగది.

అందరూ ఈ రాష్ట్రమోల్లే.
ఢిల్లీల పెద్ద మండలి ఉన్నది, దానికి ఇదొక కొమ్మ.
సమ్మిరెడ్డి, గుండ మధూకర్, ఇద్దరూ మాజీ ఎమ్మెల్యేలు,
అసెంబ్లీల ఒకలి మీద ఒకలు మైకులు విసిరేసుకున్నోళ్లు
ఇక్కడ ఒకే ప్లేటుల పల్లిపట్టీలు తింటరు.
మోరీ కాంట్రాక్టు కాడ కుదరని పొత్తు
ఆఫ్రికా కాడ కుదురుతది.

గోడకు పటం. దాన్ని ఎవరూ మార్చలే.
సోవియట్ యూనియన్ ఇంకా ఎర్రగ, నిండుగ,
దాని కిందికొసకు చాయ మరక.
ఎవరిదో నేను చెప్ప.

తక్కళ్ళపల్లి విద్యాధర్ రావు సారు, రిటైర్డు రాయబారి,
నాలుగు దేశాలు తిరిగిన, ఆరు భాషలు మాట్లాడే మనిషి,
సరిహద్దు ఒప్పందాల మీద గంటంబావు చెప్పిండు.
యథాతథ స్థితి. ఉపసంహరణ. పరస్పర విశ్వాసం.
నేను రాసుకుంట పోతున్న.
చాయ పోసే ఓదెమ్మ గ్లాసులు ఏరుకుంట అన్నది:
"గింతసేపు చెప్పింది గెట్టు పంచాదే గద సారూ?"

సారు ఆగిండు.
కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు.
పరకాల కాడ వాళ్ల నాయిన
రాత్రికి రాత్రి హద్దురాయి జరిపిండట. జానెడే.
పొద్దుగాల పక్క చేను రాజీరు వచ్చి
రాయిని చూసిండట, నాయినను చూసిండట,
పండ్లపుల్ల నములుకుంట పోయిండట.
"ఏ చలిదేశంల కూసున్నా,
పొడుగు బల్లకు అవుతల
నాకు గా రాజీరే కనవడేటోడు.
నేనేమో రాయి జరిపిన దిక్కు."

ఇది రాయాల్నా సార్ అన్న.
వద్దన్నడు.

హబీబుద్దీన్ సాబ్ ఎక్కువ మాట్లాడడు.
జెద్దా కాన్సులేటుల పన్నెండేండ్లు.
జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల,
శవపెట్టెల మీది కాగితాలల్ల
ఊరి పేర్ల స్పెల్లింగులు సరిచేసేటోణ్ణి, అంతే, అంటడు.
ఇప్పటికీ ఎవరన్న మెట్‌పల్లి అంటే
బల్ల మీద వేలుతోని ఒక్కొక్క అక్షరం గీస్తడు,
రెండు టీలు, రెండు ఎల్లులు.

మాజీ మంత్రి బానోతు సక్రు నాయక్ ఆలస్యంగ వచ్చిండు,
ఎనుమాముల మార్కెట్ నుంచి, అంగీ నిండ మిర్చి ఘాటు.
అచ్చుడుతోనే నలుగురు తుమ్మిన్రు.
"సముద్రాల ముచ్చట తర్వాత.
మొన్న పద్దెనిమిది వేలు పలికిన తేజ ఇయ్యాల పన్నెండు.
ఏ రేవుల ఏ ఓడ ఆగింది? ఎవడు ఆపిండు?
పొద్దుగాల తండల నిలవడి చెప్పాలె నేను."
మహాసముద్రాల మీద పరిశోధన చేసిన ప్రొఫెసర్ మేడం
చానసేపు పటం దిక్కు చూసి
"చూడాలె" అన్నది.
రాసిన: చూడాలె.

తీర్మానాలు మూడు. ఏకగ్రీవం.
ఎర్ర సముద్రంల శాంతి నెలకొనాలె.
ఇరుగుపొరుగు దేశాలతోని ఓపిక పట్టాలె.
కొత్త పటం కొనాలె
(కిందటేడుదే, మల్ల రాసినం).

చాయ పైసలు నూట నలభై.
పోయిన నెల నేనిచ్చిన అని సమ్మిరెడ్డి,
నువ్వెప్పుడిచ్చినవని మధూకర్,
ఇరవై నిమిషాలు.
రాయబారి మధ్యవర్తిత్వం పారలే.
సాబ్ జేబుల చెయ్యి పెడితే ఇద్దరూ ఆపిన్రు,
అది వాళ్ల ఇజ్జత్ కా సవాల్.
ఓదెమ్మ కింద మెట్ల మీద కూసున్నది,
చెయ్యి చాపలే, లేచి పోలే.

రాసిన: ఈ అంశం వచ్చే నెలకు వాయిదా.