సర్వీసు నంబరు అదే

బ్రాడీపేట నాలుగో లైన్లో
ప్రతి నెలా మూడో తారీఖు నా డ్యూటీ.
మెడలో బిల్లు మిషను, జేబులో టార్చిలైటు,
నెత్తిమీద తడిపిన చేతిరుమాలు.

మనుషుల కంటే ముందు నాకు మీటర్లు తెలుస్తాయి.
ఎవరింట్లో కోడలు అడుగుపెట్టిందో,
ఏ డాక్టరు బోర్డు తిప్పేశాడో
అంకెలే చెప్పేస్తాయి.

ఈ మెట్ల కింద మీటరు
ఏళ్ళ తరబడి నూట పది యూనిట్లు దాటలేదు.
ఒక మర, రెండు ట్యూబులైట్లు,
దేవుడి పటం ముందు ఎర్ర బల్బు.
అంతే, రత్తయ్య గారి కాఫీ పొడి కొట్టు.

"ఎనభై ఇరవయ్యా, అరవై నలభయ్యా?"
తల ఎత్తకుండానే అడిగేవాడు.
చికోరీ ఎంతో చెప్పడానికి జనం
గొంతు తగ్గించేవాళ్ళు,
జీతం చెప్పినట్టు.

వెనక గదిలో సైదావలి గింజలు వేయించేవాడు.
గడియారం ఉండేది, చూసేవాడు కాదు.
డ్రమ్ము వైపు చెవి ఒగ్గి
"పలికింది" అనేవాడు.
మొదటిసారి చిటపటమంటే ఓపిక పట్టాలిట,
రెండోసారి పలికినప్పుడే దించాలిట.
నేను రీడింగు రాసుకునే పుస్తకానికి
ఆ వాసన పట్టి ఇంటిదాకా వచ్చేది.
మూడో తారీఖు చొక్కా ఉతకడానికి మా ఆవిడ
ఒక రోజు ఆలస్యం చేసేది.

తర్వాత ఆర్నెల్లు మిషన్లో
'డోర్ లాక్' అని కొట్టాను.

ఇప్పుడు అదే మీటరు
రెండువేల నాలుగొందలు తిరుగుతోంది.
సున్నం గీకేసి ఇటుకలు బయటపెట్టారు.
మా ఇంట్లో అలా కనిపిస్తే
మేస్త్రీకి కబురు పెడతాం.
తాళ్ళకి వేలాడే బల్బులు.
ల్యాప్‌టాపుల ముందు కోచింగు పిల్లలు,
ఒక్క కప్పుతో మూడు గంటలు.
రత్తయ్య గారి మర గాజు పెట్టెలో ఉంది.
బెల్టు లేదు.
దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు.
మేడ మీద బీరు కాస్తారట.
రాగి పీపాలు దిగాయి గానీ పర్మిషను దిగలేదు.
పక్క క్లినిక్కులో పళ్ళ డాక్టరు
ఎప్పుడెప్పుడని రోజూ వచ్చి అడుగుతున్నాడు.

బిల్లు చింపి ఇస్తే కౌంటర్లో ప్రిస్కిల్లా,
నల్లచెరువు పిల్ల, చేరి నాలుగు నెలలు,
"కొత్తమాసు రత్తయ్య అంటే ఎవరండీ?
పేరు మార్పించమంటున్నారు మా సారు" అంది.
మార్చాలంటే చావు సర్టిఫికెట్టు కావాలి,
ముగ్గురు కొడుకుల సంతకాలు కావాలి,
ఆ ముగ్గురూ ఒక కాగితం మీదికి రారు.
అందాకా, పోయినాయన
నెలకి ఇరవై ఏడు వేల కరెంటు కాలుస్తుంటాడు.
ఉన్నప్పుడు
బేరం లేకపోతే ఫ్యాను ఆపేసేవాడు.

మొన్న డ్యూటీ దిగాక లోపలికెళ్ళి కూచున్నాను.
రెండొందల నలభై.
ఏ గింజ, ఏ కొండ, ఎవరు కోశారు,
అన్నీ చీటీ మీద ఉన్నాయి.
ఎవరు వేయించారో లేదు.
బెంగుళూరు నుంచి పార్సిల్లో వస్తుందట.

"కప్పు మీద రాయాలి, మీ పేరు సార్?"
నా పేరే చెప్పబోయాను.
నోట్లోంచి ఇంకోటి వచ్చింది.
ఆ పిల్ల నవ్వలేదు, మళ్ళీ అడగలేదు,
నెలనెలా చూస్తున్న పేరేగా.

"రత్తయ్య గారూ!"

ఒక్క ల్యాప్‌టాపూ తలెత్తలేదు.
గేటు దగ్గర నీలం యూనిఫాంలో
బళ్ళు సర్దుతున్న సైదావలి మాత్రం
నోట్లో విజిల్ తీసేసి
చటుక్కున లోపలికొచ్చాడు,
చేతులు చొక్కాకి తుడుచుకుంటూ.

ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.
కప్పు అటు జరిపాను.
నిలబడే ఒక గుక్క తాగాడు,
కళ్ళు మూసుకుని కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

"రెండోసారి పలకనివ్వలేదు.
తొందరపడ్డారు" అన్నాడు.

బయట ఎవరో హారన్ కొడుతున్నారు.
విజిల్ వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.